నార్బర్ట్ బండికి ఏ రోగమూ లేదు

బండ్లలోనే కాపురముండే ముసలివాళ్ళ ఆ ఎడారి శిబిరంలో ఎవరికీ చూపు మందగించదు. ఎవరి చేతులూ వణకవు. ఎనభై దాటినవాళ్ళు కూడా, వాళ్ళ మాటే నమ్మేట్టయితే, మసక వెలుతుర్లో సూదిలో దారం ఎక్కించగలరు. అక్కడ పోయేదల్లా బండ్ల సస్పెన్షన్ ఒక్కటే.

కిందటేడు క్లిఫర్డ్ బండికి పోయింది. పెట్రోలు బంకు దగ్గరి ఇనప స్తంభాన్ని, ఆ తర్వాత ఎవరిదో పోస్టు డబ్బాను, ఆఖరుకి ఆపి ఉన్న చర్చి బస్సును రాసుకుంటూ పోయాడు క్లిఫర్డ్. ఆ సాయంత్రం, అందరూ మడత కుర్చీలు వేసుకుని చల్లటి బీరుతో కూర్చునే వేళకి, పెద్దమనుషులంతా అతని బండి చుట్టూ మూగారు. ఒకాయన బంపరు మీద మోకాలు పెట్టి నొక్కి చూశాడు. ఇంకొకాయన చక్రం పక్కన బోర్లా పడుకుని కిందికి తొంగిచూసి, లేవలేక మరొకరి చెయ్యి పట్టుకుని లేచాడు. "సస్పెన్షన్ పోయింది క్లిఫర్డ్. ఇంత పాత బండికి రిపేరు దండగ," అని తేల్చారు. క్లిఫర్డ్ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసి తల ఊపాడు. బండి అమ్మేసి, అందరికీ ‘ఆపిల్ పై’ అనే తీపి రొట్టె పంచిపెట్టి, ఐడహోలో కొడుకింటి వెనక గదిలోకి మారిపోయాడు. చర్చి బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎవరి పరువూ పోలేదు. ఆ పెద్దమనుషుల దృష్టిలో ఇంతకు మించిన సంస్కారం భూమ్మీద లేదు.

ఆర్డిత్ కూడా ఆ సంస్కారాన్ని తెగ మెచ్చుకుంది, తన మొగుడి వంతు వచ్చేదాకా.

ఆర్డిత్, నార్బర్ట్‌లది ఉత్తర డకోటా. అతను బతుకంతా ధాన్యం గోదాములో పనిచేశాడు, ఆమె బడిపిల్లలకి వండిపెట్టింది. పని చాలించగానే ఉన్న ఇల్లు అమ్మేసి ఈ మోటార్ హోమ్ కొన్నారు. కొన్ననాటికే అది పాతది. లోపల మంచం, పొయ్యి, స్నానాలగది, ముందు పళ్ళెమంత స్టీరింగు. ఎండాకాలం ఉత్తరాన సరస్సుల పక్కన, చలికాలం ఇక్కడ అరిజోనా ఎడారిలో. బండి కదిలినంతకాలమే వాళ్ళ సంసారం. అది ఆగిపోతే ఆర్డిత్‌కి తలుపు వేసుకోవడానికి ఇంకో తలుపు లేదు.

ఈసారి ఇక్కడికి వస్తున్నప్పుడు యూటాలో కొండరోడ్డు మీదుగా కిందికి దిగుతున్నారు. నార్బర్ట్ పాత జోకేదో చెబుతున్నాడు. చెబుతూ చెబుతూనే నడిమి పసుపు గీత దాటి అవతలికి పోయాడు. ఎదురుగా లారీ. ఆ లారీవాడు హారన్ మీద పడుకున్నంత పని చేశాడు. ఆర్డిత్ కేక వేసింది, నార్బర్ట్ ఒక్క గుంజు గుంజాడు, బండి ఊగుతూ ఇవతలికి వచ్చింది. గూట్లో పళ్ళేలన్నీ కిందపడ్డాయి.

"చూశావా, బండి ఎలా లాగేసిందో," అన్నాడు నార్బర్ట్. అతని మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

ఆ మొహం చూసి ఆర్డిత్ కరిగిపోయింది. "సస్పెన్షన్ అయ్యుంటుంది," అంది.

ఆ ఒక్క మాట అనకుండా నాలుక కరుచుకుని ఉంటే ఎంత బాగుండేది. కానీ యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి మొహం అలా తెల్లబడితే నాలుక మన మాట వింటుందా?

శిబిరానికి చేరిన మర్నాడే సాయంత్రపు న్యాయస్థానం కొలువుదీరింది. పక్క బండి డెల్మర్ ప్రధాన న్యాయమూర్తి. అతని భార్య ఓపల్ సహాయకురాలు. ముందుగా నాలుగు చక్రాల కిందా చెక్కముక్కలు పెట్టి బండిని సమంగా నిలబెట్టారు. ఆ తర్వాత టేపు పట్టుకుని అది ఏ పక్కకి ఒరిగిందో కొలిచారు. ఏ పక్కకీ ఒరగలేదు.

"ఇది మరీ అనుమానంగా ఉంది," అన్నాడు డెల్మర్.

ఓపల్ డాష్‌బోర్డు మీద గ్లాసునిండా ఐస్‌టీ పెట్టి, బయటనుంచి నలుగుర్ని బండిని ఊపమంది. ఐస్‌టీ ఒలికింది. నలుగురు బండిని ఊపితే ఐస్‌టీ ఒలకడం ఘోరమైన లక్షణమని అందరూ ఒప్పుకున్నారు. బంపరు మీద మోకాళ్ళు పెట్టారు, టైర్లని తన్నారు, బండి కింద నూనె మరక కనిపెట్టి, అది డెల్మర్ నిరుడు ఒలకబోసిందేనని గుర్తు తెచ్చుకున్నారు. ఇంతమందిలో ఒక్కరి కన్నూ కుడివైపు అద్దం మీద పడలేదు. ఆ అద్దం అంచు చెక్కుకుపోయి, మూడు రంగుల పెయింటు అంటుకుని ఉంది. అవి మూడూ మూడు వేర్వేరు స్తంభాలవి.

"పోయింది నార్బర్ట్," అన్నాడు డెల్మర్, గొంతు బాగా తగ్గించి. "ఇంత పాత బండికి రిపేరు దండగ."

అందరూ బీరు సీసాలు పక్కన పెట్టి నార్బర్ట్ తల ఊపుడు కోసం చూశారు. ఓపల్ అయితే వీడ్కోలు రొట్టె ఏ పండుతో చేస్తే బాగుంటుందా అని అప్పుడే ఆలోచనలో పడింది.

"దండగేముంది?" అన్నాడు నార్బర్ట్. "పోయిందని తెలిశాక బాగుచేయించాలి గదా."

పెద్దమనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళ సంస్కారంలో ఈ జవాబుకి చోటు లేదు.

పాపం, నార్బర్ట్ అలాంటివాడే. గోదాములో ఏ యంత్రం మూలిగినా, దాని కడుపు విప్పి చూడందే అన్నం తినేవాడు కాదు. మనుషులు ఒకటి చెప్పి ఇంకొకటి తెలుసుకోమంటారన్న సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు. మర్నాడే బండిని ఊళ్ళో ఎఫ్రాయిన్ షెడ్డుకి తోలాడు. ముందు షాక్ అబ్జార్బర్లు మార్పించాడు. వస్తూ వస్తూ నీళ్ళ ట్యాంకు దగ్గరి బోర్డుకి తగిలించాడు. సాయంత్రం న్యాయస్థానం మళ్ళీ కూర్చుంది. ఈసారి రబ్బరు బుష్షులన్నారు. అవీ మార్పించాడు, చెత్తడబ్బా పోయింది. ముందు స్ప్రింగుల్లో గాలి సంచులన్నారు. అవీ అయ్యాయి. వెనక కమాన్ పట్టీలు చదునైపోయాయన్నాడు డెల్మర్, వాటి వంక చూడకుండానే. మొత్తం కట్టలు విప్పించి కొత్తవి వేయించాడు. మరి వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? ఒకసారి బండిదే తప్పు అన్నాక, ఏదో ఒక తప్పు చూపించాలి గదా.

చలికాలం సగం పోయేసరికి ఆ ముసలి బండి కింద పెళ్ళికూతురి నగలంత తళతళలాడే సామాను చేరింది. నార్బర్ట్ మాత్రం ఎప్పట్లాగే గీత దాటుతూనే ఉన్నాడు.

ఒకరోజు ఆర్డిత్ ఒక్కతే ఊళ్ళోకి నడిచి వెళ్ళి ఎఫ్రాయిన్ షెడ్డు దగ్గర ఆగింది. ఎఫ్రాయిన్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"మళ్ళీ ఏమైంది మేడం?"

"ముందు ఇరుసు చూడమంటున్నాడు."

"చూశాను. రెండుసార్లు చూశాను. మేడం, ఆ టైర్లు చూడండి, అంగుళం అంగుళం ఒకేలా అరిగాయి. సస్పెన్షన్ పోయిన బండికి టైర్లు గతుకులు గతుకులుగా అరుగుతాయి. ఆ బండి కింద మీరిద్దరూ ఇక్కడికి వచ్చిన్నాటిది ఒక్క ముక్క కూడా మిగల్లేదు."

"మరి ఆ మాట ఆయనకి చెప్పొచ్చు గదా?"

"చెప్పాను. ఇంకోసారి జాగ్రత్తగా చూడు అన్నారు." ఎఫ్రాయిన్ గుడ్డని భుజం మీద వేసుకున్నాడు. "బండి గురించి అయితే ఎన్నిసార్లైనా చెప్తాను. బండి కానిది నేను చెప్పకూడదు మేడం. అది ఇంట్లోవాళ్ళు చెప్పాలి."

ఇంట్లోవాళ్ళు ముందు డెల్మర్ దగ్గరికి వెళ్ళారు. ధైర్యం చాలని మనిషి ముందు పక్కింటి తలుపే కొడుతుంది.

"నువ్వు చెప్పు డెల్మర్. నీ మాటంటే ఆయనకి గురి," అంది ఆర్డిత్. "ఎండలు ముదిరితే మళ్ళీ ఆ కొండలెక్కాలి. ఈసారి అవతలి లారీవాడు నిద్రలో ఉన్నాడనుకో."

డెల్మర్ బంగాళాదుంపల చిప్స్ సంచీలోకి చూస్తూ కూర్చున్నాడు. "చెప్పాంగా. సస్పెన్షన్ అని చెప్పాం."

"సస్పెన్షన్ కాదు గదా."

"అందరికీ తెలుసు కాదని. అర్థం చేసుకోకపోతే మేమేం చెయ్యగలం? క్లిఫర్డ్ ఎంత చక్కగా అర్థం చేసుకున్నాడు."

"మనిషికి తిన్నగా ఒక్క మాట చెప్పడానికి నీకేం అడ్డం?"

"ఇవాళ నేను వాడికి తిన్నగా చెప్పాననుకో," అన్నాడు డెల్మర్, "రేపెవరో నాకు తిన్నగా చెప్తారు."

అతని పాత కళ్ళజోడుకి ఒక పక్క అద్దం మీద ఇంకో అద్దం అతికించి ఉంది. ఆర్డిత్ ఇన్నాళ్ళూ అది ఎండ కోసం అనుకుంది. ఒళ్ళు మండిపోయింది ఆమెకి, కానీ ఎవరి మీద మండాలో తేలలేదు. మొదట సస్పెన్షన్ అన్న మహాతల్లి తనే.

ఎండ చురుక్కుమనడం మొదలైంది. ఒక్కో బండీ కదిలి ఉత్తరానికి పోతోంది. నార్బర్ట్ పటం పరిచి కొండదారి మీద వేలుతో గీతలు గీస్తున్నాడు. ఆ వేలు కూడా రోడ్డు మీద నిలవడం లేదని ఆర్డిత్ చూసింది, చూసి కాఫీ కాచడానికి లేచిపోయింది.

మర్నాడు పొద్దున రొట్టెకి వెన్న రాస్తూ రాస్తూ నార్బర్ట్ కత్తి ఆపేశాడు.

"ఇన్నాళ్ళూ మనం తప్పు చేశాం," అన్నాడు.

ఆర్డిత్ ఆశగా కాఫీ కప్పు కింద పెట్టింది.

"బండి నడిపేవాడికి చక్రాలు కనపడవు. చక్రాలు చూసేవాడు నడపలేడు. నుంచోబెట్టి ఊపితే ఏం తెలుస్తుంది? పోతున్న బండిని పక్కనుంచి చూడాలి. నేనే చూడాలి."

"మరి నడిపేదెవరు? డెల్మరా?"

"డెల్మర్ చేతికి నా బండి ఇవ్వమంటావా? వాడి చూపు సంగతి నీకు తెలీదులే." నార్బర్ట్ కాసేపు రొట్టె నమిలాడు. "నువ్వు నడుపు."

ఆ శిబిరంలో మొగుళ్ళు నడుపుతారు. బండి వెనక్కి పెట్టేటప్పుడు పెళ్ళాలు వెనకాల నిలబడి చేతులు ఊపుతారు, మొగుళ్ళు ఆ చేతుల వంక చూడరు. ఇది అక్కడి సృష్టిధర్మం. పెళ్ళికి ముందు బీట్‌రూట్ కోతలప్పుడు ఆర్డిత్ వాళ్ళ నాన్న లారీని బురదలో తోలేది. ఆ సంగతి నార్బర్ట్‌కి తెలుసు. ఎడ్లని అదిలించిన పిల్ల అన్నంత గొప్పగా పదిమందికీ చెప్పేవాడు. ఈ బండి తాళం మాత్రం ఏనాడూ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

ఊరవతల పాత రోడ్డొకటి ఉంది. కొత్త రోడ్డు వచ్చాక దాని మీద ఎవరూ పోరు. గాలికి సన్నటి ఇసక పరుచుకుని ఉంటుంది, అంచున తెల్ల గీత ఇంకా కనపడుతుంది. ఆర్డిత్ తలగడ వేసుకుని సీట్లో కూర్చుంది. నార్బర్ట్ కిటికీలోంచి తల పెట్టి ఉపదేశం మొదలుపెట్టాడు.

"ఎడం పక్కకి లాగుతుంది, ముందే చెప్తున్నా. భయపడకు. గట్టిగా గుంజకు."

"సరే."

"అద్దాలు సరిచేసుకున్నావా?"

"సరిచేసుకున్నా. ఒకటి చెక్కుకుపోయింది."

నార్బర్ట్ అది వినిపించుకోకుండా పోయి, రోడ్డు పక్కన బోర్లా పడుకున్నాడు, గడ్డం ఇసకలో ఆనించి.

ఆర్డిత్ బండి కదిలించింది. లాగుతుందని అంత చెప్పాడు గదా, చేతులు బిగపట్టింది. బండి ఎక్కడికీ లాగలేదు. ఎటు తిప్పితే అటు, ఎంత తిప్పితే అంత. తెల్ల గీతకి జానెడు ఇవతల చక్రాలు ఒకేలా దొర్లుకుంటూ పోయాయి. ఆ మాట ఎవరికీ చెప్పదుగానీ, ఆర్డిత్‌కి భలే హుషారొచ్చింది.

"మళ్ళీ రా, కాస్త జోరుగా," అని అరిచాడు నార్బర్ట్. జోరుగా వచ్చింది. "బ్రేకు గట్టిగా కొట్టు." కొట్టింది. బండి ముక్కు వంచలేదు. "ఆ గుంటలో దించు." దించింది. ఒక్క ఊపు ఊగి నిలబడింది.

నార్బర్ట్ ఒంటి మీది ఇసక కూడా దులుపుకోకుండా పరిగెత్తుకుంటూ వచ్చాడు. "చూశావా? ఒక్క ఊపే. రెండో ఊపు లేదు. పట్టీలు ఎంత అందంగా వంగి లేస్తున్నాయనుకున్నావు." పండగొచ్చిన పిల్లాడి మొహం అయిపోయింది అతనిది. "ఇప్పుడు నువ్వు దిగి చూడు. నేను నడిపితేనే లాగుతుంది గదా, ఎక్కడ లాగుతుందో పట్టుకో."

అంత మాటా తన నోటితోనే అన్నాడు. ఆ మాట తన చెవులదాకా మాత్రం పోలేదు.

ఆర్డిత్ దిగి రోడ్డు పక్కన నిలబడింది. బండి దూరం పోయి, తిరిగి వస్తోంది. కొంతదూరం తిన్నగానే వచ్చింది. తర్వాత మెల్లగా, నిద్రలో ఒత్తిగిల్లినంత మెల్లగా, తెల్ల గీత దాటి గులకరాళ్ళలోకి, ఆర్డిత్ నిలబడ్డవైపే వచ్చింది. ఆమె వెనక్కి అడుగులు వేసింది. స్టీరింగు వెనక నార్బర్ట్ మొహం కనపడింది. కళ్ళు చికిలించి, మెడ ముందుకు చాచి, ప్రాణమంతా పెట్టి చూస్తున్నాడు. అంత చూస్తూ కూడా ఆమెని చూడలేదు. చక్రాల కింద రాళ్ళు కరకరమన్నాక ఉలిక్కిపడి గుంజాడు, బండి రోడ్డుకి అడ్డంగా అవతలి అంచుదాకా పోయి ఆగింది.

నార్బర్ట్ దిగి వచ్చాడు. "ఏం చూశావు? ముందు చక్రమా, వెనక చక్రమా?"

ముందు ఇరుసు అంటే సరిపోతుంది. ఎఫ్రాయిన్ ఇంకోసారి జాకీ ఎత్తుతాడు. డెల్మర్ ఇంకోసారి మోకాలు పెడతాడు. అందరూ చల్లగా ఉంటారు, ఆ కొండ మలుపుదాకా. ఆర్డిత్‌కి ఏడుపొచ్చింది. ఏడవలేదు.

"బండి బాగుంది నార్బర్ట్," అంది.

"లాగలేదా?"

"బండి లాగలేదు."

మంచి మాటే గదా, బండి బాగుందనడం. ఆ శిబిరంలో ఒక మనిషి ఇంకో మనిషితో ఇంత క్రూరమైన మాట అప్పటిదాకా అనలేదు.

నార్బర్ట్ ఇసక మీద చక్రాల జాడల దగ్గరికి నడిచాడు. ఆమె తోలిన జాడలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే జతగా ఉన్నాయి. వాటిని కోసుకుంటూ అతని జాడ రాళ్ళలోకి దిగి, మళ్ళీ అవతలికి పోయింది. దాని పక్కన ఆర్డిత్ బూట్ల గుర్తులు, వెనక్కి వెనక్కి వేసిన అడుగులు. అతను ఆ అడుగుల దగ్గర చాలాసేపు వంగి చూశాడు. యంత్రం కడుపు విప్పి చూసినట్టే చూశాడు, ఏదీ వదిలిపెట్టకుండా.

"నువ్విక్కడే నిలబడ్డావా?" అన్నాడు.

"అక్కడే."

"నాకు కనపడలేదు."

"తెలుసు."

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"ఆ లారీ దగ్గర్నుంచి."

"మరి సస్పెన్షన్ అన్నావు."

"నీ మొహం చూసి అన్నా. అనకుండా ఉండాల్సింది."

"వెనక కట్టలు మొత్తం మార్పించాను ఆర్డిత్," అన్నాడు నార్బర్ట్. అతనికి కోపం వచ్చింది, సిగ్గేసింది, అన్నిటికంటే ఎక్కువగా భయమేసింది. రోడ్డు అంచున కూలబడి టోపీ తీసేశాడు. "అందరికీ తెలుసా?"

"ఆ టీ ఒలకబోసిన ఓపల్‌తో సహా."

నార్బర్ట్ టోపీని చేతుల్లో తిప్పుతూ, ఆమె వంక చూడకుండా అడిగాడు. "అయితే అమ్మేద్దామా? క్లిఫర్డ్‌లాగా?"

"ఎందుకమ్మడం?" అంది ఆర్డిత్. "బండి బాగుందని చెప్తున్నా గదా."

అతను తల ఎత్తాడు. ఆమె చెయ్యి చాచింది. లేవడానికి అందిస్తోందనుకుని అతను పట్టుకోబోయాడు. తర్వాత అర్థమై, జేబులోంచి తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. అప్పుడు లేవడానికి రెండో చెయ్యి ఇచ్చింది.

శిబిరానికి తిరిగి వచ్చేసరికి మడత కుర్చీలు వేసి ఉన్నాయి. స్టీరింగు వెనక ఆర్డిత్‌ని చూసి కుర్చీల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. నార్బర్ట్ పక్క తలుపు తీసుకుని దిగాడు.

"ఏం తేలింది?" అన్నాడు డెల్మర్. "ఇరుసేనా?"

"ఇరుసు బాగుంది. పట్టీలు బాగున్నాయి. సస్పెన్షన్ ఈ ఎడారి మొత్తంలో నా బండికున్నంత బాగా ఎవరి బండికీ లేదు," అన్నాడు నార్బర్ట్. "నా కళ్ళు పోయాయి. ఇకనుంచి ఆర్డిత్ నడుపుతుంది."

ఓపల్ ఐస్‌టీలోకి చూసుకుంది. ఎవరో కుర్చీ సర్దుకున్నారు. నిండు సభలో ఒకడు ప్యాంటు విప్పేసుకున్నా ఇంత ఇబ్బంది పడి ఉండరు. డెల్మర్ అద్దం మీద అద్దం అతికించిన ఆ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి తుడిచాడు.

"ఏ డాక్టరుకి చూపిస్తావు?" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో.

"ఊళ్ళో ఎవరున్నారో కనుక్కుంటా. నువ్వూ వస్తావా?"

"చూద్దాం," అన్నాడు డెల్మర్. ఓపల్ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. "వస్తా," అన్నాడు.

ఇక బండిని వెనక్కి పెట్టాలి. నార్బర్ట్ వెనకాలికి నడిచి, ఎప్పుడూ ఆర్డిత్ నిలబడేచోట నిలబడి, రెండు చేతులూ పైకెత్తాడు. ఇన్నేళ్ళు ఎండలో, వానలో అక్కడ నిలబడి చేతులు ఊపింది ఆర్డిత్. ఒక్కనాడైనా అతను అద్దంలో చూసిన పాపాన పోలేదు. ఇవాళ తనూ చూడకూడదని గట్టిగా అనుకుంది. అనుకుని కూడా, ఆ చెక్కుకుపోయిన అద్దంలోకి చూసింది. నార్బర్ట్ అరచేతులు నిదానంగా, ఎంతో జాగ్రత్తగా, రా రా అని పిలుస్తున్నాయి.

కొంచెం వచ్చాక అతను రెండు చేతులూ అడ్డంగా పెట్టాడు. "ఆగు. ఇక చోటు లేదు."

వెనకాల ఇంకో బండి పట్టేంత చోటుంది. ఆర్డిత్ బ్రేకు వేసి, బండి ఆపింది.